శుక్లాల ఆపరేషన్‌ తర్వాత గ్లకోమా: ట్యూబు వైపే మొగ్గు, మిగిలిన చిక్కులు

దేశంలో ఏటా 60 లక్షలకు పైగా శుక్లాల శస్త్రచికిత్సలు జరుగుతున్నాయి. అత్యధికులకు చూపు తిరిగి వస్తుండగా, కొందరిలో మాత్రం నీటికాసులుగా పిలిచే గ్లకోమా ఆ తర్వాత బయటపడుతోంది లేదా ముదురుతోంది. ముందునుంచే ఉన్న వ్యాధిని గుర్తించకపోవడం, కంటిలో వాపు, లెన్సు శకలాలు మిగిలిపోవడం, స్టెరాయిడ్‌ చుక్కలను ఎక్కువ కాలం వాడటం ఇందుకు ప్రధాన కారణాలు. చుక్కల మందులు, లేజర్‌ చికిత్సతో కంటిలోని ఒత్తిడి తగ్గనప్పుడు శస్త్రచికిత్స తప్పదు.

అప్పుడు వైద్యుల ముందున్న ప్రధాన మార్గాలు రెండు. కంటిలోని ద్రవం బయటకు పోయేలా తెల్లగుడ్డు గోడలో చిన్న ద్వారం చేసే ట్రాబెక్యులెక్టమీ మొదటిది. సన్నని సిలికాన్‌ గొట్టం ద్వారా ద్రవాన్ని కంటి వెనుక భాగంలో అమర్చిన పలకపైకి మళ్లించే ట్యూబ్‌ షంట్‌ రెండోది. ట్రాబెక్యులెక్టమీ ఫలితం కంటి తెల్లగుడ్డును కప్పి ఉంచే కంజంక్టివా పొరపైనే ఆధారపడి ఉంటుంది. పాత ఆపరేషన్‌ గాయంతో ఆ పొర గట్టిపడితే, కొత్తగా చేసిన ద్వారం త్వరగా పూడుకుపోతుంది.

గతంలో శుక్లాలకు గానీ, గ్లకోమాకు గానీ శస్త్రచికిత్స జరిగిన 212 మందిపై నిర్వహించిన టీవీటీ అధ్యయనం ఈ రెండింటినీ నేరుగా పోల్చింది. 2012లో వెలువడిన ఐదేళ్ల ఫలితాల ప్రకారం ట్యూబు వర్గంలో వైఫల్యం 29.8 శాతం కాగా, ట్రాబెక్యులెక్టమీ వర్గంలో అది 46.9 శాతం. గ్లకోమాకు మళ్లీ ఆపరేషన్‌ అవసరమైనవారు వరుసగా 9, 29 శాతం. కంటి ఒత్తిడిలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఈ అంకెలను అందరికీ వర్తింపజేయడం సరికాదు. అంతకుముందు ఏ కోతా పడని కళ్లపై జరిగిన పీటీవీటీ అధ్యయనంలో మొదటి ఏడాది ట్రాబెక్యులెక్టమీయే మెరుగ్గా నిలిచింది. ఫేకో పద్ధతిలో కార్నియా అంచున కోత పెడితే కంజంక్టివా దాదాపు చెక్కుచెదరదు. అటువంటి కంటిని, పైభాగాన పెద్ద కోత పడిన కంటిని ఒకే గాటన కట్టలేం. ట్యూబుకూ ఇబ్బందులున్నాయి. కొందరికి ఒకే వస్తువు రెండుగా కనిపిస్తుంది, ఏళ్లు గడిచాక కార్నియా దెబ్బతినవచ్చు.

భారత్‌లో ధర కూడా నిర్ణాయకమే. మధురైలోని ఆరోల్యాబ్‌ 2013లో తెచ్చిన ‘ఆడీ’ ట్యూబు, దిగుమతి పరికరాలకంటే ఎన్నో రెట్లు చౌక కావడంతో పేదలకూ ఈ చికిత్స అందుబాటులోకి వచ్చింది. టీవీటీలో వాడిన బేర్‌వెల్ట్‌ నమూనాలోనే దీన్ని రూపొందించారు. ఇందులో కవాటం లేదు. అందుకే గొట్టాన్ని దారంతో బిగించి ఉంచుతారు. ఆ దారం కరిగిపోవడానికి సుమారు ఆరు వారాలు పడుతుంది. అంతవరకు ఒత్తిడి ఎక్కువగానే ఉండవచ్చు కనుక మందులు మానకూడదు. దారం కరిగే సమయంలో ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయే ముప్పు ఉంటుంది. దూర గ్రామాల నుంచి వచ్చి, చూపు బాగానే ఉందని పరీక్షలకు తిరిగి రానివారికి అసలు ప్రమాదం ఇక్కడే పొంచి ఉంది.

శుక్లాల శిబిరాలు ఎక్కువగా నడిచే చోట మరో విషయం గమనార్హం. చిన్న కోతతో, కుట్లు లేకుండా చేసే ఎస్‌ఐసీఎస్‌ పద్ధతిలో కోతను కంటి పైభాగాన కాకుండా పక్కన, అంటే కణత వైపు పెడితే, భవిష్యత్తులో ట్రాబెక్యులెక్టమీకి అవసరమయ్యే చోటు పాడవకుండా మిగులుతుంది. గ్లకోమా అనుమానం ఉన్నవారికి ఈ జాగ్రత్త తీసుకోవడానికి అదనపు ఖర్చేమీ ఉండదు. శుక్లాల ఆపరేషన్‌కు ముందే కంటి ఒత్తిడిని, దృష్టి నాడిని పరీక్షిస్తే చాలు.