బండి మాట్లాడే ముందు...

సెలవులొచ్చాయంటే ఇంట్లో మొదట తేలేది ఏ ఊరన్నది. తర్వాత తేదీలు. ఆ తర్వాత దర్శనం టికెట్లు, బస. అన్నీ అయ్యాక, ఇక రెండ్రోజుల్లో ప్రయాణం అనగా ఎవరో ఒకరికి గుర్తొస్తుంది... ‘ఇంతకీ బండి మాట్లాడారా?’ అని. అప్పుడు ట్రావెల్స్‌కి ఫోన్ వెళ్తుంది.

‘ఎంతమందండీ?’

‘ఏడుగురం. అందులో ఇద్దరు పిల్లలే.’

‘ఎర్టిగా పంపిస్తా సార్, సర్దుకోవచ్చు.’

‘కిలోమీటరుకెంత?’

రేటు కుదిరితే బేరం అయిపోయినట్టే. నిజానికి చిక్కంతా ఆ ‘సర్దుకోవచ్చు’ అన్న మాటలోనే ఉంది. సర్దుకోవాల్సింది అమ్మమ్మ మోకాళ్లు, ఒళ్లో కూర్చున్న పిల్లాడు, డిక్కీలో పట్టక కాళ్ల దగ్గరికి చేరిన సంచులు. ఒక్కోసారి డ్రైవరు నిద్ర కూడా. మొదటి మూడూ అయితే ఒళ్లు నొప్పులతో పోతాయి. నాలుగోది అలా పోదు.

ఒకప్పుడు ఈ తంటా లేదు. ఊళ్లో ఉన్నదే అంబాసిడర్. ఎంతమందైనా అందులోనే. 1994లో టాటా సుమో వచ్చింది. 2000లో క్వాలిస్, 2005లో దాని స్థానంలో ఇన్నోవా వచ్చాయి. 2012లో ఎర్టిగా. ఇప్పుడు అంబాసిడరూ లేదు, కొత్త సుమోలూ రావడంలేదు కానీ, కిరాయికి దొరికే బండ్లు మాత్రం పది రకాలు. కాబట్టి ఎంచుకునే పని ప్రయాణికులదే అయింది.

ఏడు సీట్లంటే ఆరుగురే

‘సెవెన్ సీటర్’ అనగానే ఏడుగురూ ఎక్కేయొచ్చనుకుంటారు చాలామంది. ఆర్‌సీలో రాసే సీట్ల సంఖ్యలో డ్రైవరు సీటు కూడా కలిసే ఉంటుంది. అంటే ఏడు సీట్ల బండిలో ప్రయాణికులు ఆరుగురే. అయిదు సీట్ల డిజైర్‌లో నలుగురే. ఇన్నోవా క్రిస్టాలో ఏడు సీట్లవీ ఉన్నాయి, ఎనిమిది సీట్లవీ ఉన్నాయి. ‘ఇన్నోవా కావాలి’ అంటే సరిపోదు, ఏ ఇన్నోవా అన్నది అడగాలి.

ఒకరు ఎక్కువైతే ఏమవుతుంది అనుకోవద్దు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అదనంగా ఎక్కిన ఒక్కొక్కరికీ 200 రూపాయల జరిమానా. అది చిన్న మొత్తమే. కానీ ఎక్కువైనవారు దిగి, వాళ్లకు వేరే బండి ఏర్పాటయ్యేదాకా వాహనాన్ని కదలనివ్వకూడదని కూడా అదే చట్టం చెబుతోంది. పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవడమూ మంచిది కాదు. సడన్ బ్రేకు పడితే తల్లి చేతులు బిడ్డను ఆపలేవు. 14 ఏళ్లలోపు పిల్లలకు సీటుబెల్టుగానీ, పిల్లల సీటుగానీ లేకుండా తీసుకెళ్తే వెయ్యి రూపాయల జరిమానా. పిల్లలకీ ఒక సీటు లెక్కేసుకుని బండి మాట్లాడటమే పద్ధతి.

డిక్కీ లెక్క వేరు

పెద్ద బండి అయితే సామాన్లూ ఎక్కువ పడతాయనుకోవడం మామూలే. అక్కడే లెక్క తప్పుతుంది. డిజైర్ లాంటి సెడాన్‌లో డిక్కీ దాదాపు 380 లీటర్లు. మూడు వరుసల్లోనూ మనుషులు కూర్చుంటే ఎర్టిగాలో వెనక మిగిలేది 209 లీటర్లే. ఇన్నోవా క్రిస్టాలో 300 లీటర్లు. మధ్యరకం సూట్‌కేసు ఒక్కటే 65, 70 లీటర్లుంటుంది. అంటే నలుగురు వెళ్లే చిన్నకారులో అయిదు సూట్‌కేసుల చోటుంటే, ఆరుగురు వెళ్లే ఎర్టిగాలో మూడు పెట్టడం కూడా కష్టమే. అదే ఎర్టిగాలో చివరి వరుస మడిచేస్తే చోటు 550 లీటర్లకు పెరుగుతుంది. అందుకే అది ఆరుగురి బండి అనుకోవడం కన్నా, బోలెడు సామానుతో వెళ్లే నలుగురి బండి అనుకోవడం మేలు.

ఇంకో మెలిక ఉంది. బండి సీఎన్‌జీదైతే చాలావాటిలో సిలిండరు డిక్కీలోనే ఉంటుంది. రేటు కాస్త తగ్గొచ్చుగానీ సూట్‌కేసులకు చోటుండదు. ‘పైన క్యారియర్ ఉందిగా’ అంటారు. బరువు పైకి వెళ్లేకొద్దీ మలుపుల్లో బండి ఒరగడం ఎక్కువవుతుంది. పైగా తిరుమల వెళ్లేవాళ్లు అలిపిరి దగ్గర తనిఖీకి సామానంతా దించాలి. తాళ్లు విప్పి, దించి, మళ్లీ కట్టుకునేసరికి వెనక వచ్చినవాళ్లు కొండెక్కేస్తారు.

చివరి వరుసలో ఎవరు?

బండి మాట్లాడేముందు ఇంట్లో వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే. చివరి సీటు వెనక చక్రాల మీద ఉంటుంది. గుంతలో పడిన ప్రతి కుదుపూ అక్కడివాళ్లకే ముందు తెలుస్తుంది. కాళ్ల కింద నేల ఎత్తుగా ఉండటంతో మోకాళ్లు పైకి లేచి కూర్చోవాలి. అందులోకి దూరాలంటే మధ్య సీటు మడిచి, వంగి వెళ్లాలి. గంటసేపయితే ఎవరైనా కూర్చుంటారు. పదిగంటల ప్రయాణంలో అరవై దాటినవాళ్లు కూర్చోలేరు. వాంతులయ్యే పిల్లల్ని అక్కడ కూర్చోబెడితే ఘాట్ రోడ్డు మీద అందరికీ ఇబ్బందే. చివరి వరుసలో కూర్చోగలిగిన ఇద్దరు కుర్రాళ్లు ఇంట్లో లేరంటే ఆ వరుస లేనట్టే లెక్క. అప్పుడు ఒక సైజు పెద్ద బండి చూసుకోవాలి.

పెద్దవాళ్లకు ఎత్తు కూడా ముఖ్యమే. సెడాన్ సీటు కిందికి ఉంటుంది. కూర్చోవడం తేలికే, లేవడమే కష్టం. టెంపో ట్రావెలర్‌కి మెట్లెక్కాలి. నడుము ఎత్తులో సీటు ఉండి, పక్కకు జరిగి కూర్చోగలిగితే మోకాళ్ల నొప్పులవాళ్లకు హాయి. ఆ పని ఎర్టిగా, ఇన్నోవాల మధ్య వరుసలో బాగా కుదురుతుంది. ఏడు సీట్ల క్రిస్టాలో మధ్యన రెండు విడి సీట్లుంటాయి. తాతయ్య, నానమ్మలకు అవి కేటాయిస్తే దారి పొడవునా గొడవుండదు.

దారిని బట్టి బండి

హైదరాబాద్ నుంచి తిరుపతి 550 కిలోమీటర్ల పైమాటే. నేరుగా వెళ్లినా పదిగంటలు పడుతుంది. ఇలాంటి దూరాలకు సీటు సౌకర్యమే ముందు చూడాలి, మిగతావి తర్వాత. విశాఖ నుంచి అరకు 115 కిలోమీటర్లే అయినా అనంతగిరి దగ్గర మలుపులు ఎక్కువ. అక్కడ చిన్నకారు సుఖం. పొడవైన బండిలో వెనక కూర్చున్నవాళ్లు బొర్రా గుహలు చేరేసరికి నీరసపడిపోతారు.

శ్రీశైలం దారిలో బండికన్నా టైము చూసుకోవాలి. నల్లమల పులుల అభయారణ్యం మీదుగా వెళ్లే రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు. ఆఫీసు అయ్యాక తీరిగ్గా బయల్దేరితే మన్ననూరు చెక్‌పోస్టు దగ్గరే తెల్లవారుతుంది. ఊటీ, కొడైకెనాల్ వెళ్లే వాహనాలకు 2024 మే నుంచి మద్రాసు హైకోర్టు ఆదేశాలతో ఈ-పాస్ పద్ధతి వచ్చింది. అది ఎవరు తీసుకుంటారో ముందే తేల్చుకోవాలి. వేరే రాష్ట్రానికి వెళ్తుంటే ఆ బండికి పర్మిట్ ఉందా, పన్ను ఎవరు కడతారు అన్నదీ అంతే. 2014లో రాష్ట్రం రెండయ్యాక హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

కిలోమీటరు రేటు వెనక

‘కిలోమీటరుకెంత’ అన్నది సగం ప్రశ్నే. ఊరు దాటితే చాలా ట్రావెల్స్‌లో రోజుకు 250 లేదా 300 కిలోమీటర్లు కనీసం అని పెడతారు. తిరిగినా తిరగకపోయినా అంత కట్టాల్సిందే.

ఉదాహరణకు హైదరాబాద్ నుంచి రెండ్రోజుల శ్రీశైలం ప్రయాణం. రానుపోను 430 కిలోమీటర్లు. సెడాన్‌కి కిలోమీటరు 14 రూపాయలు అనుకుంటే 6,020 అవుతుందని లెక్కేసుకుంటారు. రోజుకు 300 కనీసం అన్నారంటే కట్టాల్సింది 600 కిలోమీటర్లకు, అంటే 8,400. అదే తిరుపతి వెళ్తే ఎలాగూ 1,100 దాటుతుంది కాబట్టి కనీసం గొడవే లేదు. తక్కువ దూరానికి ఎక్కువ రోజులు వెళ్లేవాళ్లే ఈ షరతు బాగా చూసుకోవాలి.

ఇప్పుడు అదే శ్రీశైలానికి ఏడుగురు వెళ్లాలి. రెండు సెడాన్లయితే 16,800. ఎనిమిది సీట్ల ఇన్నోవాకి కిలోమీటరు 20 రూపాయలనుకున్నా 12,000. పన్నెండు మందయితే రెండు ఇన్నోవాలకు 24,000 అవుతుంది. ట్రావెలర్‌కి కిలోమీటరు 26 అనుకుంటే 15,600తో పోతుంది. రేట్లు ఊరిని బట్టి, సీజన్‌ని బట్టి మారతాయి. కానీ లెక్క వేసే తీరు ఇదే. ముందు మొత్తం ఎంతవుతుందో చూసి, తలసరి ఎంతో తేల్చుకోవాలి.

వీటికి డ్రైవరు బత్తా, టోల్, పార్కింగు, పన్నులు అదనం. మీటరు మీ ఇంటి దగ్గర మొదలవుతుందా, వాళ్ల షెడ్డు నుంచా అన్నది అడగాలి. రోజంటే 24 గంటలా, అర్ధరాత్రికి అర్ధరాత్రా అన్నది మరీ ముఖ్యం. రెండోదైతే రాత్రి 10కి బయల్దేరినా ఆ రెండు గంటలకు ఒక రోజు లెక్క పడిపోతుంది.

నంబరు ప్లేటు రంగు

కిరాయి బండికి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటాయి. మీరే నడుపుకోవడానికి ఇచ్చే కారుకి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు. కరెంటు బండ్లకు ఆకుపచ్చ ప్లేటు. కిరాయివైతే వాటి మీద అక్షరాలు పసుపు రంగులో, సొంతవైతే తెలుపులో ఉంటాయి. తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలంటే అది సొంత వాడకానికి కొన్న కారు. ‘తెలిసినవాళ్లదే, వెయ్యి తక్కువకి ఇస్తారు’ అని తెల్ల ప్లేటు బండి ఎక్కడం మనవాళ్లకు అలవాటు. దాన్ని పర్మిట్ లేకుండా కిరాయికి తిప్పడం నేరం. అది యజమాని తలనొప్పి అనుకోవచ్చు. కానీ సొంత కారు పాలసీ కిరాయి ప్రయాణాలకు వర్తించదు. దారిలో ఏదైనా జరిగితే బీమా కంపెనీ మొదట పట్టుకునేది ఈ పాయింటునే. అప్పుడు మిగిలిన ఆ వెయ్యి ఏమూలకీ రాదు.

సొంతంగా నడుపుకునే కారు నలుగురున్న కుటుంబానికి బాగుంటుంది. అయితే తీసుకునేటప్పుడే కారు చుట్టూ తిరిగి గీతలు, సొట్టలు వీడియో తీసుకోవాలి. డిపాజిట్ ఎంత, రోజుకు ఎన్ని కిలోమీటర్లు, గీత పడితే మీరు కట్టాల్సింది ఎంతవరకు అన్నది రాసి ఉండాలి. పదిగంటలు నడిపి కొండెక్కే ఓపిక ఇంట్లో ఎవరికుందో కూడా చూసుకోవాలి.

డ్రైవరూ ఒక ప్రయాణికుడే

శుక్రవారం రాత్రి 9కి బయల్దేరడం, తెల్లారేసరికి తిరుపతి, పగలంతా దర్శనం, మళ్లీ రాత్రికి తిరుగు ప్రయాణం, ఆదివారం ఇంట్లో విశ్రాంతి. ఇళ్లల్లో వేసుకునే ప్లాన్ దాదాపు ఇదే. ఒక సెలవు మిగులుతుంది, ఒక రూము అద్దె మిగులుతుంది. కానీ ఆ రెండు రాత్రులూ మెలకువగా ఉండాల్సిన మనిషి ఒకరున్నారు. పగలు అందరూ క్యూలో ఉంటే, ఆయన ఎండలో నిలిపిన బండిలో, అద్దాలు దించుకుని, పార్కింగు వాళ్ల విజిళ్ల మధ్య కునుకు తీయాలి. శుక్రవారం పగలు వేరే కిరాయికి వెళ్లొచ్చాడేమో ఎవరూ అడగరు. మోటారు రవాణా కార్మికుల కోసం 1961లో చేసిన చట్టమే రోజుకు 8 గంటల పని అని హద్దు పెట్టింది. మన ప్లాన్లలో అది ఒక్క రాత్రికే దాటిపోతుంది.

రాత్రి రెండు దాటాక తెల్లవారే వరకు నిద్ర ఎవరికైనా ముంచుకొస్తుంది. ఎంత మంచి బండి అయినా ఆ నిద్రని ఆపలేదు. టీ తాగిస్తే కాసేపు ఆగుతుంది, అంతే. తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరితే మధ్యాహ్నానికి కడప దాటేయొచ్చు. తిరిగొచ్చేటప్పుడు ఒక రాత్రి పడుకుని పొద్దున్నే కదిలితే చాలు. అయ్యే ఖర్చు ఒక రూము, ఒక బత్తా. రాత్రే వెళ్లక తప్పదంటే రెండో డ్రైవర్ని అడగొచ్చు. అప్పుడు అతనికీ ఒక సీటు లెక్కేసుకోవాలి.

ఫోన్‌లో అడగాల్సినవి

* ఆర్‌సీలో ఎన్ని సీట్లు? మోడల్ ఏ ఏడాదిది? పెట్రోలా, డీజిలా, సీఎన్‌జీనా?

* రోజుకు కనీసం ఎన్ని కిలోమీటర్లు? రోజు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుంది?

* టోల్, పార్కింగు, పర్మిట్, బత్తా ఎవరివి? అవన్నీ మెసేజీలో రాసి పంపుతారా?

* బండి పాడైతే దారిలో వేరే బండి ఇస్తారా?

* డ్రైవరు ఆ దారిలో ముందు వెళ్లాడా? ముందురోజు రాత్రి ఇంట్లోనే పడుకుంటాడా?

బండి గుమ్మం ముందుకొచ్చాక సామాన్లు ఎక్కించే ముందు రెండు నిమిషాలు ఆగి టైర్లు చూడాలి. అరిగి నున్నగా ఉన్నా, స్టెప్నీ లేకపోయినా బండి మార్చమనాలి. అన్ని వరుసల్లోనూ సీటుబెల్టులు పైకి తీసి పెట్టించాలి. చాలా బండ్లలో అవి సీటు కవర్ల కిందే ఉండిపోతుంటాయి.