ఎన్ని గంటలు చదివితే చాలు?

పదో తరగతి పబ్లిక్ పరీక్షలు దగ్గర పడుతున్నకొద్దీ ‘రోజుకు ఎన్ని గంటలు చదువుతున్నావు?’ అన్న ప్రశ్న ఇంటింటా వినబడుతుంది. ప్రైవేటు హాస్టళ్లలో తెల్లవారుజామున మొదలైన చదువు రాత్రి పది దాటినా ముగియదు. పొరుగూరి నుంచి బస్సులో వచ్చే సర్కారు బడి పిల్లలకు ఇంట్లో మిగిలేది రెండు మూడు గంటలే. పోటీ గంటల మీదనే అయితే వారు ముందే ఓడినట్లు.

అయితే చదువు నిలిచేది గంటల మీద కాదు. అమెరికాలో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రకటించిన పరిశోధనే ఇందుకు తార్కాణం. ఒకే పాఠాన్ని నాలుగు విడతలు చదివినవారికి వారం తర్వాత 40 శాతం గుర్తున్నది. ఒక విడత చదివి, మూడు విడతలు పుస్తకం చూడకుండా రాసినవారికి 61 శాతం గుర్తున్నది. అయిదు నిమిషాలకే పరీక్ష పెట్టినప్పుడు మాత్రం పదేపదే చదివినవారిదే పైచేయి. ‘అంతా వచ్చేసింది’ అన్న భ్రమ పుట్టేది ఇక్కడే.

కనుక తల్లిదండ్రులు గంటలు లెక్కించే బదులు పుస్తకం మూయించి అడగడం మేలు. స్పెషల్ క్లాసుల్లో వల్లె వేయించే బదులు రోజూ చిన్న పరీక్ష పెట్టవచ్చు. దీనికి ఫీజు అక్కరలేదు. పిల్లల నిద్రా చెడదు.