కోడిపిల్లల జాతకం

మా యింటికి పాలు పోసే ఆవిడ వొకనాటి పొద్దున పాలచెంబుతోపాటు బుట్ట వొకటి అరుగు మీద దించి, "బాబుగారూ, సదూకున్నోరు గదా, వీటిల్లో పెట్టలెన్నో పుంజులెన్నో సూసి సెప్పండి" అన్నది. బుట్టలో పది కోడిపిల్లలు. గులాబిరంగువి కొన్ని, ఆకుపచ్చవి కొన్ని. సంతలో కొన్నదట. సగానికి సగం పెట్టలేనని అమ్మినవాడు వొట్టు పెట్టాడట.

నాకు చదువు తెలుసుగాని కోళ్ళు తెలియవు. ఆ మాట వొప్పుకోవడానికి ఆ చదువే అడ్డం వచ్చింది. మా మేనత్త చెప్పే పరీక్ష వొకటి జ్ఞాపకం వచ్చి, వొక్కొక్క పిల్లనే కాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తాను. తలెత్తి గింజుకుంటే పుంజు, వూరికే వేలాడితే పెట్ట. అయిదు గింజుకున్నాయి, అయిదు వేలాడాయి. లెక్క సంతవాడి మాటతో అతికినట్టు సరిపోయింది. ఇంకేం, తీర్పు చెప్పేశాను. ఆవిడ నా మాట పట్టుకుని గూడు కట్టించింది, నూకలు కొన్నది, గుడ్లమ్మి మనవరాలికి పుస్తకాలు కొంటానన్నది.

ఎంత శ్రద్ధగా పెంచిందో, పదీ నిలిచాయి. ఆరువారాలు తిరిగేసరికి రంగు పోయి తెల్లని యీకలు వచ్చాయి. రంగుతోపాటు నా తీర్పూ వెలిసిపోయింది. పది తలల మీదా తురాయిలు ఎర్రగా, పెద్దవిగా లేచాయి. పదీ పుంజులే!

సగం సగం పుట్టే లోకంలో కళ్ళు మూసుకుని పదింటిని తీస్తే, పదీ పుంజులు కావడం 1024 సార్లకు వొకసారి జరిగే మాట. ఆవిడ దురదృష్టం అంత గొప్పదని నాకు నమ్మబుద్ధి కాలేదు. పశువుల డాక్టరుగారినొకరిని అడిగితే ఆయన నవ్వి, "ఆ రంగు లెందుకనుకున్నారు?" అన్నారు.

అవి తెల్ల లెగ్‌హార్న్ జాతివి. యిటలీలో లివోర్నో అనే రేవు వుంది. యింగ్లీషువాళ్ళ నోట ఆ పేరు లెగ్‌హార్న్ అయింది, కోడికీ అదే పేరు. గుడ్లకు పెట్టింది పేరు. వొంట మాంసం మాత్రం తక్కువ. అందుచేత హేచరీవాళ్ళకు పెట్టతోనే పని. పిల్ల పుట్టిననాడే తేల్చేస్తారు. నిపుణుడు పిల్లను చేతబట్టి, రెట్ట పిండేసి, వెనకద్వారం మెల్లగా విప్పి, దీపం వెలుగులో గుండుసూది తలంత బుడిపె వున్నదా అని చూస్తాడు. వుంటే పుంజు. చెప్పడానికి యింతే. కాని కొన్ని పెట్టలకూ చిన్న బుడిపె వుంటుంది! ఆ తేడా కంటికి పట్టాలంటే వేల పిల్లల్ని చూడాలి. 1920లలో జపానులో మసుయి, హషిమోతో అనే పండితులు దీన్ని శాస్త్రంగా తీర్చారు. 1933లో వాళ్ళ పుస్తకం యింగ్లీషులోనూ వచ్చింది. చెయ్యి తిరిగినవాడు గంటకు సుమారు వెయ్యి పిల్లల్ని తేలుస్తాడు, తప్పేది నూటికి రెండో మూడో. మీరు మాత్రం యింట్లో ప్రయత్నించకండి. నొక్కు కాస్త ఎక్కువైతే పిల్ల దక్కదు.

రెక్క విప్పి చూసే పద్ధతి వొకటుంది. పెట్టకు రెక్క అంచున పెద్ద యీకలు, వాటిని కప్పే యీకలకన్న పొడుగ్గా వుంటాయి. పుంజుకు రెండూ సమానంగా వుంటాయి. అయితే అందుకని ప్రత్యేకంగా జతకట్టించిన కోళ్ళ పిల్లల్లోనే యిది పనికివస్తుంది. సంత బుట్టలో పనికిరాదు. అన్నట్టు, మనుషుల్లో బిడ్డ ఆడా మగా అన్నది తండ్రిని బట్టి వుంటే, కోళ్ళలో తల్లిని బట్టి వుంటుంది. ఆడపిల్లల్ని కన్నదని కోడల్ని దెప్పే అత్తగార్లు కోళ్ళయివుంటే వాళ్ళ మాటకు కొంత ఆధారమైనా దొరికేది.

మరి తేలిన పుంజులేమవుతాయి? చాలాచోట్ల పుట్టిననాడే చంపేస్తారు. జర్మనీలో 2022 జనవరి నుంచి అలా చంపడం నిషేధం; గుడ్డులో వుండగానే తేల్చే యంత్రాలు అక్కడ వచ్చాయి. మన దగ్గర చావు తప్పినవి కొన్ని రంగు పూసుకుని సంతకు వస్తాయి. అంటే మా పాలావిడ కొనకముందే ఎవరో నిపుణుడు వాటి జాతకం చూసేశాడన్నమాట. బుట్టలో పెట్ట వుండడానికి అవకాశం తక్కువే.

ఇదంతా ఆవిడకు విడమర్చి చెప్పాను. శ్రద్ధగా విని, "మరి ఆనాడు తలకిందులుగా ఎత్తినప్పుడు తెలీదా బాబూ యివన్నీ?" అన్నది.

పుస్తకాల డబ్బు నేనే యిచ్చుకున్నాను. ఆవిడ వూరికే పుచ్చుకునే మనిషి కాదు. మర్నాడు వొక పుంజును తెచ్చి మా పెరట్లో వదిలింది. అది తెల్లవారుజామున మూడున్నరకే నా కిటికీ కింద కూస్తున్నది. నేను పెట్ట అని తేల్చిన అయిదింటిలో అదొకటని ఆవిడ జ్ఞాపకం చేసింది.