పగులునకు ఊత

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో బోరుబావి వేయించిన గృహస్థు లందఱు నెఱిగిన సంగతి యొకటి కలదు. అచట నేల యడుగున గ్రానైటు బండ. నీరు బండలో నుండదు, బండ పగులులో నుండును. ఒకరి బోరున నీరు పొంగుచుండ పొరుగువాని బోరున దుమ్ము లేచును. ఎండిన బోరులోనికి నీటిని మిక్కిలి యొత్తిడితో నెక్కించి పగుళ్లను తెఱపించుటయు కలదు. గ్రానైటు గట్టిది, దాని గరుకు అంచులు మరల సరిగా నతుకవు గావున దారి కొంత తెఱచియే యుండును.

రెండుమూడు మైళ్ల లోతున బిగువైన ఇసుకరాతిలోను షేలు రాతిలోను చిక్కియున్న సహజవాయువు మాట వేఱు. అచట రాతిని నీటితో పగులగొట్టుట సగము పనియే. పంపు నాపినంతనే చుట్టునున్న రాతి యొత్తిడి పగులును మూసివేయును. అందుచే నీటితోపాటు ఇసుకనో, బాక్సైటుతో చేసి కాల్చిన గట్టి గుండ్లనో పంపి పగులునకు ఊత నిత్తురు. మిక్కిలి లోతున ఇసుక నలిగి పొడియై దారిని పూడ్చును. రాయి మెత్తనిదైనచో గుండ్లు దానిలో దిగబడును. మొదట విరివిగా వచ్చిన వాయువు పిదప సన్నగిల్లుటకు గల కారణములలో నిది యొకటి.

కాకినాడ యెదుటి సముద్రమున జరిగినదేమి? గుజరాతు రాష్ట్ర పెట్రోలియం సంస్థ కనుగొనిన నిక్షేపము 20 లక్షల కోట్ల ఘనపుటడుగులని 2005లో నాటి గుజరాతు ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ ప్రకటించిరి. పిదప అభివృద్ధి ప్రణాళికలో వెలికి తీయదగినదిగా నంగీకరింపబడినది సుమారు ఒక లక్ష కోట్లు! రాయి బిగువు, వేడిమి యధికము, పగులగొట్టనిదే వాయువు చాలినంత రాదు. 2017లో నా క్షేత్రమున నూటికి 80 పాళ్లు ఓ.ఎన్.జి.సి. కొనెను. ఒక ప్రభుత్వ సంస్థ బరువును వేఱొక ప్రభుత్వ సంస్థ తలకెత్తుకొనెను, మోయునది ప్రజలే.

స్వదేశీ వాయువు వలదని మే మనము. దేశము వాడు వాయువులో దాదాపు సగము విదేశములనుండి ఓడలలో వచ్చుచుండ నట్లనుట యవివేకము. 2013లో కేంద్రము షేలు వాయువు అన్వేషణకు అనుమతి నొసగినపుడు కృష్ణా గోదావరి ప్రాంతమును నందు జేర్చెను. అందుకు మేము సంతసించితిమి. కాని మా పాఠకులలో బోరు నీటిని నమ్మి వరి నాటినవారు కలరు. వారు తొలినాటి పొంగును లెక్కింపరు, వైశాఖమున నెంత వచ్చునని యడుగుదురు. ఢిల్లీ పెద్దలను మే మడుగునదియు నంతే. పగులగొట్టిన ప్రతి బావికిని ఎంత నీరు వాడిరి, ఏ ఊత నిచ్చిరి, మూడవ యేట వాయు వెంత వచ్చినది? ఈ లెక్క నేటేట ప్రకటింపవలెను. ఆ నీరు గోదావరి డెల్టా రైతు నీరు గాకుండ చూడవలెను.