మా వాడు ఎదురు చెప్పడండీ

పేరెంట్స్ మీటింగ్ రోజున నేను ఎక్కువసార్లు వినే మాట ఇదే. ఆ మాట చెప్పేటప్పుడు తండ్రుల ముఖంలో కనిపించే సంతోషం, ప్రోగ్రెస్ కార్డులో ఏ ప్లస్ చూసినప్పుడు కూడా కనిపించదు.

మొన్న టెన్త్ పిల్లల మీటింగ్‌లో ఒక అబ్బాయిని అడిగాను, "ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకుంటావు?" అని. వాళ్ళ నాన్నగారు "ఎంపీసీ మేడమ్" అన్నారు. "నిన్నే అడుగుతున్నాను" అని మళ్ళీ అబ్బాయి వైపు తిరిగాను. ఈసారి అమ్మగారు చెప్పారు, "వాడికీ అదే ఇష్టమండీ." అబ్బాయి నా టేబుల్ మీదున్న స్టాప్లర్ వంక చూస్తూ తల ఊపాడు. నా క్లాసులో డిబేట్ పెడితే అందరికంటే ముందు చెయ్యెత్తేది వాడే. ఆ రోజు వాడి గొంతు నేను వినలేదు.

ఆ సాయంత్రం నాకు 'బొమ్మరిల్లు' గుర్తొచ్చింది. 2006 ఆగస్టులో వచ్చిన సినిమా. అప్పటికి నేను ప్రైమరీ స్కూల్లో ఉన్నాను. తర్వాత టీవీలో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ప్రకాష్ రాజ్ వేసిన అరవింద్ చెడ్డ తండ్రి కాదు. కొడుక్కి అన్నీ మంచివే తెస్తాడు, కొడుకు అడగకముందే తెస్తాడు. సిద్ధార్థ్ వేసిన సిద్ధు ఆయన ముందు అన్నింటికీ సరే అంటాడు, ఆయన లేనప్పుడు స్నేహితుల దగ్గర గొణుక్కుంటాడు. చివర్లో ఒక్కసారిగా అన్నీ బయటికి కక్కేస్తాడు. చిన్నప్పటి నుంచి ఏమేం పోగొట్టుకున్నాడో వరసపెట్టి చెబుతుంటే తండ్రి నిర్ఘాంతపోతాడు. మనమంతా ఆ సీనుకి కళ్ళు తుడుచుకున్నవాళ్ళమే. నా బాధ మాత్రం వేరు. ఇరవై ఏళ్ళకి పైగా ఒకే ఇంట్లో ఉన్న ఇద్దరు మనుషులకి మొదటి నిజమైన పోట్లాట అదే. రోజూ కాస్త కాస్తగా పోట్లాడుకుని ఉంటే, ఆ రోజు అంత పెద్ద పోట్లాట అవసరమయ్యేది కాదు కదా.

మన టీవీలో అత్తాకోడళ్ళ పోట్లాటలకి కొదవలేదు, అవి చూసి ఏడవడానికే. నవ్వించే సీరియల్ అంటే అందరూ 2001లో జెమినీలో మొదలైన 'అమృతం' పేరే చెబుతారు. అందులో స్నేహితులు పోట్లాడుకుంటారు, ఇంటి ఓనర్ అప్పాజీ పోట్లాడతాడు. తండ్రీకొడుకుల పోట్లాటే ప్రధానంగా సాగే హాస్య సీరియల్ మాత్రం, ఇంత పోట్లాట ఉన్న మన జిల్లాలో పుట్టినా నవ్వులు పూయించేదే, నేనైతే చూడలేదు. ఆ పని బ్రిటన్ వాళ్ళు అరవై ఏళ్ళ క్రితమే చేశారు. 'స్టెప్టో అండ్ సన్' అని బీబీసీలో 1962లో మొదలై, మధ్యలో విరామాలతో 1974 దాకా వచ్చింది. రాసింది ఇద్దరు, రే గాల్టన్, అలన్ సింప్సన్.

కథ చిన్నదే. లండన్‌లోని షెపర్డ్స్ బుష్ దగ్గర పాత సామాన్లు కొనే తండ్రీకొడుకులు. గుర్రపు బండి మీద వీధులన్నీ తిరిగి తెచ్చిన తుక్కంతా ఇంటి నిండా ఉంటుంది. తండ్రి ఆల్బర్ట్‌కి ఇల్లు కదలడం ఇష్టం లేదు, కొడుకు కదలడం అసలే ఇష్టం లేదు. కొడుకు హెరాల్డ్‌కి నలభై దగ్గర పడుతున్నా పెళ్ళి కాలేదు. పుస్తకాలు, మంచి సంగీతం, నలుగురిలో పెద్దమనిషి అనిపించుకోవడం, ఇవీ అతని ఆశలు. మొట్టమొదటి ఎపిసోడ్‌లోనే ఇల్లు వదిలి పోతానని సామానంతా బండికెక్కిస్తాడు. గుర్రం లేకుండా తనే లాగాలని చూస్తాడు. బండి అంగుళం కదలదు. తండ్రి నెమ్మదిగా లోపలికి తీసుకెళతాడు. నవ్వులాటే, కానీ ఆ బండిని చూసి నేను నవ్వలేకపోయాను.

ఇంకో ఎపిసోడ్‌లో హెరాల్డ్ ఇంటికి మధ్యలో గోడ పెట్టేస్తాడు. టీవీ కూడా సగం ఇటు, సగం అటు. తొమ్మిదో తరగతి లిజనింగ్ క్లాసులో ఇది ఒక పది నిమిషాలు వేశాను. ఆ లండన్ యాస నాకే సగం అర్థం కాదు, పిల్లలకి నాలుగు మాటలు కూడా అర్థమై ఉండవు. అయినా క్లాసంతా పగలబడి నవ్వింది. వెనక బెంచీ నుంచి ఒకడు "మేడమ్, మా తాత, మా నాన్న కూడా అచ్చం ఇంతే" అన్నాడు. తర్వాత అరగంట వాళ్ళ వాళ్ళ ఇళ్ళలో రిమోట్ గొడవలన్నీ ఇంగ్లీషులో చెప్పించాను. ఆ ఏడాది నా క్లాసులో పిల్లలు అంత ధైర్యంగా ఇంగ్లీషు మాట్లాడిన రోజు ఇంకొకటి లేదు.

ఆ సీరియల్ అక్కడ ఎంత పెద్దదంటే, 1964 అక్టోబరు 15న వాళ్ళ సార్వత్రిక ఎన్నికల రోజున ఇది వస్తుందని తెలిసి, జనం ఓటెయ్యడం మానేసి టీవీ ముందు కూర్చుంటారేమోనని లేబర్ పార్టీ నాయకుడు హెరాల్డ్ విల్సన్ బీబీసీని ప్రసార సమయం మార్చమని అడిగారు. వాళ్ళు మార్చారు. ఆ ఎన్నికల్లో ఆయన గెలిచారు కూడా. ఇంకో విశేషం, తెర మీది ఆ తండ్రికీ కొడుక్కీ నిజజీవితంలో వయసు తేడా పదమూడేళ్ళే. కొడుకు వేషం వేసిన హ్యారీ కార్బెట్ పుట్టింది రంగూన్‌లో, అంటే మన ముత్తాతలు 'రంగం' అని చెప్పుకున్న ఊళ్ళో.

తర్వాత అమెరికా వాళ్ళు దీన్నే 'శాన్‌ఫోర్డ్ అండ్ సన్' పేరుతో 1972 నుంచి 1977 వరకు తీశారు. అందులో తండ్రి, కొడుకు ఎదురు చెప్పినప్పుడల్లా గుండె పట్టుకుని, చనిపోయిన భార్యని పిలుస్తూ 'వచ్చేస్తున్నా' అంటాడు. గుండెపోటేమీ ఉండదు, అంతా నటన. పేరెంట్స్‌లో కొందరికి కోపం వస్తుందేమో కానీ, "నువ్వీ గ్రూపు తీసుకుంటే నా బీపీ ఏమవుతుందో తెలుసా" అన్న మాట పిల్లలు నా దగ్గర చెప్పారు. ఒక్కరు కాదు.

మా ఇంటి సంగతి కూడా చెప్పాలి. మాది అనకాపల్లి పక్క పల్లె. మా తాత చెరకు వేసి గానుగ ఆడించేవాడు. ఆయనకీ మా నాన్నకీ ప్రతి సీజన్‌లో పెనం దగ్గరే యుద్ధం. బెల్లం తెల్లగా రావడానికి నాన్న హైడ్రోస్ వేద్దామనేవాడు. నల్లగా ఉంటే మార్కెట్ యార్డులో రేటు రాదు, అది నిజమే. తాత ఒప్పుకునేవాడు కాదు. "తినీ బెల్లంలో మందేట్రా?" అని కేకలు. పాకం ఎప్పుడు దించాలన్నది రెండో యుద్ధం. ఒకరు ఇంకా కాదంటే ఒకరు అయిపోయిందనేవారు. నానమ్మ ఇద్దరికీ చెరో గ్లాసు టీ ఇచ్చి పోయేది, ఎవరి పక్షమూ పట్టేది కాదు. ఇరుగుపొరుగు మా ఇంటిని గొడవలిల్లు అనుకునేవారు. కానీ నాన్న మనసులో ఏముందో తాతకి తెలుసు, తాత మనసులో ఏముందో నాన్నకి తెలుసు. ఇంజినీరింగ్ వద్దు, బీఈడీ చేస్తానని నేను అన్న రోజున నాన్న రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు గట్టిగా అరిచాడు, నేనూ అరిచాను. అరవడం ఆ ఇంట్లో కొత్త కాదు కాబట్టి ఎవరూ భయపడలేదు. అప్లికేషన్‌కి డబ్బులు ఆయనే ఇచ్చాడు.

పోట్లాట ఉంటే చాలని నేను అనడం లేదు. హెరాల్డ్ పన్నెండేళ్ళు నోరు చేసుకున్నా ఆ ఇంటి గేటు దాటలేకపోయాడు. తండ్రి ప్రతి వాదనా విన్నాడు, ఒక్కటీ ఒప్పుకోలేదు. వినడానికీ ఒప్పుకోవడానికీ మధ్య దూరం ఉంది, అది ఇంకో కష్టం. కానీ మా స్కూల్లో నాకు కనిపించే కష్టం అది కాదు. వినడం దగ్గరే ఆగిపోతున్నాం.

ఇందులో మా టీచర్ల తప్పు లేదని ఎలా అంటాను? పొద్దున ఏడున్నరకి బస్సెక్కిన పిల్లాడు స్టడీ అవర్ ముగించుకుని రాత్రి ఇంటికి చేరేసరికి తినడానికే ఓపిక ఉండదు, ఇక నాన్నతో పోట్లాడేది ఎప్పుడు? ఈ వాక్యం అచ్చులో ఉంటుందో లేదో తెలియదు, నేనైతే రాసి ఇచ్చాను. మీటింగ్‌లో కూడా మేం పిల్లాణ్ణి నిలబెట్టి పెద్దవాళ్ళతోనే మాట్లాడతాం. వచ్చే మీటింగ్ నుంచి నా టేబుల్ దగ్గర మూడో కుర్చీ వేయిస్తాను. మొదటి ప్రశ్న ఆ కుర్చీకే. మధ్యలో అందుకోవద్దని ముందే మనవి చేస్తున్నాను, వాడు నిమిషంసేపు ఏమీ మాట్లాడకపోయినా సరే.

స్టాప్లర్ వంక చూసిన అబ్బాయి రెండు రోజుల తర్వాత స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడి "మేడమ్, నాకు సీఈసీ కావాలి" అన్నాడు. "నాకెందుకు చెబుతున్నావు? ఇంట్లో చెప్పు" అన్నాను. అలా అన్నందుకు ఆ రాత్రంతా నాకు సరిగా నిద్ర పట్టలేదు. వాళ్ళ నాన్నగారి ఆశ కూడా చిన్నది కాదు, దాని వెనక ఆయన పడ్డ కష్టం నాకు కొంత తెలుసు.

ఆదివారం వాళ్ళ అమ్మగారు ఫోన్ చేశారు. "ఏం చెప్పారు మేడమ్ మావాడికి? నిన్న వాళ్ళ నాన్నతో గంటసేపు వాదించాడు. ఇంతకుముందెప్పుడూ ఇలా లేదండీ."

"సార్ ఏమన్నారండీ?" అని అడిగాను.

"చాలాసేపు అరిచారు. తర్వాత, ముందు అన్నం తిను, రేపు మళ్ళీ మాట్లాడదాం అన్నారు."