అలుగును కాపాడుట ఎవరి పని?

ఒంటినిండ పొలుసులు గల అలుగు మన తూర్పు కనుమల జంతువు. పగలు బొరియలో పడుకొని, రాత్రివేళ బయలుదేరి చీమలను, చెదపురుగులను తిని బ్రతుకును. దీనికి పండ్లు లేవు. పైరు ముట్టదు, పశువును కరవదు. చెదను తిను ఈ జంతువు రైతునకు మేలు చేయునదే. ఆపద వచ్చినచో ఉండవలె చుట్టుకొనును. పులికి కూడ లొంగని ఆ ఉండను మనిషి ఎత్తి గోనెలో వేసికొనగలడు. సాధారణముగా ఈతకు ఒకే పిల్ల. కావున తగ్గిన సంతతి త్వరగా పెరుగదు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము దీనిని అంతరించు ప్రమాదమున్న జాతులలో చేర్చినది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టములో అలుగు పులితో పాటు మొదటి షెడ్యూలులో ఉన్నది. దీనిని వేటాడినను, పొలుసులు అమ్మినను 3 సంవత్సరములకు తగ్గకుండ 7 సంవత్సరముల వరకు జైలుశిక్ష కలదు. 2022 సవరణ ప్రకారము జుల్మానా 25,000 రూపాయలకు తగ్గరాదు. 2016లో జొహానెస్‌బర్గ్ సమావేశమున ప్రపంచమందలి 8 జాతుల అలుగుల అంతర్జాతీయ వ్యాపారమును నిషేధింప దేశములు నిర్ణయించినవి. మందు పేరిట అమ్ముడుపోవు ఆ పొలుసులు మన గోళ్ల వంటి పదార్థమే.

చట్టము గట్టిదే. అమలులోనే చిక్కున్నది. సంచి మోసిన గిరిజనునికి దక్కునది కొద్ది పైకము. లాభము దళారిది, ఆపై వ్యాపారిది. ముందుగా పట్టుబడునది మాత్రము మోసినవాడే. అతడు జైలుకు పోయిన యేడు అతని చేను బీడు పడును. అతనిని విడిచిపెట్టవలెనని నేననను. కేసు అతని వద్దనే ఆగక, సరుకు కొన్నవాని వరకు పోవలెనని నా వాదము.

రెండవ సంగతి. చైత్రమాసములో ఇటుకల పండుగకు మగవారు వేటకు వెళ్లుట అరకు కొండలలో ఆచారము. ఆ దినములలో అధికారి వచ్చి బెదిరించి పోయినంత మాత్రమున ఫలితముండదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టము గిరిజనులకు భూమిపై, అటవీ ఫలసాయముపై హక్కులిచ్చినది; వేట హక్కును మాత్రము ఇవ్వలేదు. పైగా 5వ విభాగములో వన్యప్రాణులను, అడవిని కాపాడు అధికారమును గ్రామసభకు ఇచ్చినది. ఈ అధికారమును వాడుకొనవలెను.

పండుగకు నెల ముందే గ్రామసభ కూడవలెను. గ్రామోద్యోగులు చట్టమును తెలుగులోనే కాక కువి, ఆదివాసీ ఒడియా భాషలలోను చెప్పించవలెను. అలుగు జోలికి పోరాదని ఊరి పెద్దలే తీర్మానము చేయవలెను. కొత్తవాడెవడైనను వచ్చి అలుగు దొరకునా అని అడిగినచో, ఆ కబురు వెంటనే అటవీ శాఖకు అందవలెను.

జైలు భయము అధికారి కనబడినంతసేపే పనిచేయును. పెద్దలు కూర్చుండి చేసిన కట్టుబాటు అధికారి లేనినాడును నిలుచును. రాబోవు చైత్రమునకు ముందు ప్రతి కొండ గ్రామమునను ఇట్టి తీర్మానమొకటి జరుగుగాక.