అప్పజెప్పడమేనా మన పని?

ఆదివారం పూజ ముగిశాక పిల్లల్ని కూర్చోబెట్టి జ్ఞానోపదేశం చెప్పేదెవరు? మన తెలుగు కథోలిక విచారణల్లో ఎక్కువగా మఠకన్యలూ, టీచర్లూ, ఇంటిపని ముగించుకొచ్చిన తల్లులూ. మరి అదే పూజలో సువార్త మీద ప్రసంగించేదెవరు? 1983 నాటి చర్చి చట్టం 767వ నిబంధన ప్రకారం గురువు లేదా డీకన్. అంటే మగవాళ్లే. బోధించడానికి పనికొచ్చే ఆడగొంతు వ్యాఖ్యానించడానికి ఎందుకు పనికిరాదు?

రేపు మతబోధ చెయ్యబోయే అమ్మాయిలకు దైవశాస్త్రం పరిచయం చేసే ఒక శిక్షణలో, సాహిత్య పరిశోధకురాలిగా నేను కొన్ని పాఠాలు చెప్పాను. అక్కడ నాకు కనిపించింది శాస్త్రం కాదు, ప్రశ్నోత్తరమాలిక. ప్రశ్నా పుస్తకానిదే, జవాబూ పుస్తకానిదే. అమ్మాయిలది అప్పజెప్పే గొంతు మాత్రమే.

మగ్దల మరియమ్మ ఎవరని అడిగాను. "పాపాత్మురాలు మేడమ్, ప్రభువు క్షమించాడు" అంది తరగతంతా ఒక్క గొంతుతో. నాలుగు సువార్తల్లో ఎక్కడా ఆ మాట లేదు. 591లో మొదటి గ్రెగరీ పోపు ఒక ప్రసంగంలో లూకా సువార్తలోని పేరులేని పాపాత్మురాలినీ, బెతానియా మరియనూ, ఈమెనూ కలిపి ఒక్కరిని చేసేశారు. 1969 పూజా పంచాంగ సవరణలో చర్చి ఆ కలగాపులగాన్ని వదిలేసింది. 2016లో ఆమె స్మరణదినమైన జూలై 22ను పండుగ స్థాయికి పెంచి, 'అపొస్తలులకు అపొస్తలురాలు' అన్న పాత బిరుదుకు మళ్లీ ప్రాణం పోసింది. రోమ్ దిద్దుకున్నదాన్ని మన తరగతి గది ఇంకా వల్లె వేస్తూనే ఉంది!

ఈ సంగతి చెబితే నిర్వాహకులొకరు, "ముందు మౌలికాలు రానివ్వండమ్మా, వివాదాలు తర్వాత" అన్నారు. పునరుత్థానానికి తొలి సాక్షి ఒక స్త్రీ అన్నది మౌలికం కాకపోతే మరేది మౌలికం? ఆ 'తర్వాత' ఎప్పటికీ రాదు. ఈలోగా హవ్వ అంటే నేరం, మగ్దల మరియ అంటే మచ్చ అని పదేళ్ల పాప మనసులో ముద్ర పడిపోతుంది. భర్త చేత దెబ్బలు తిని వచ్చి, "మరియమాతను చూసి ఓర్పు నేర్చుకో" అనిపించుకున్న ఆడవాళ్లు మనకు తెలియనివాళ్లా?

మరియమాతను ఇంతగా గౌరవిస్తున్నాం కదా అంటారు. ఏ మరియను? బలవంతుల్ని గద్దె దించే దేవుణ్ణి కీర్తించిన మరియనా, పటంలో తలవంచుకున్న మరియనా? తెలుగు కథోలికుల్లో దళితులు పెద్దసంఖ్యలో ఉన్నారు. ఆ కీర్తన ఒక దళిత అమ్మాయికి ఏం చెప్పగలదో శిక్షణలో ఎవరైనా చర్చించారా?

కావలసిన పరికరాలు లేక కాదు. రోమీయుల పత్రికలో పౌలు ఫీబేను 'దియాకొనోస్' అన్నాడు. తన గురించీ అతను వాడుకున్న మాటే అది. ఎలిజబెత్ షూస్లర్ ఫియొరెంజా తొలి క్రైస్తవ చరిత్రను స్త్రీల వైపు నుంచి తిరగరాసిన పుస్తకం 1983లోనే వచ్చింది. వీటిని పాఠ్యప్రణాళికలో పెట్టడానికి ఎవరి అనుమతి కావాలి?

స్త్రీలకు గురుపట్టం లేదని 1994లో రెండవ జాన్ పాల్ పోపు తేల్చేశారు. ఆ పోరాటం వేరే. 2021లో ఫ్రాన్సిస్ పోపు ఉపదేశి పనిని స్త్రీపురుషులిద్దరికీ అధికారిక పరిచర్యగా స్థాపించారు. హోదా కాగితం మీదికి వచ్చింది, సంతోషం. కానీ చదివే హక్కు, సందేహించే హక్కు, అర్థం చెప్పే హక్కు లేని హోదా ఊడిగానికి కొత్త పేరు మాత్రమే. ఉపదేశినికి ముందు మూలపాఠం ఇవ్వండి. దాని చుట్టూ మగవాళ్లు అల్లిన వ్యాఖ్యానాల చరిత్ర ఇవ్వండి. జవాబులు ఆమే వెతుక్కుంటుంది.